లోతుకు దిగే క్రాంక్‌బైట్‌లకు తగిన రాడ్ ఏది?

నీటిచాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మెత్తని ప్లాస్టిక్ పురుగులతోనూ జిగ్‌లతోనూ (బరువైన తల, ఒకే ముల్లు ఉన్న ఎరలు) బాస్ చేపలు పడుతున్నాను. అందుకు వాడుతున్నది 7 అడుగుల పొడవున్న, మీడియం హెవీ పవర్ (వంచడానికి కావలసిన బలం), ఫాస్ట్ యాక్షన్ (కొన మాత్రమే వంగే తీరు) గల గ్రాఫైట్, అంటే కార్బన్ పోగు, కాస్టింగ్ రాడ్. ఆ పనికి అది బాగా నప్పింది. ఎర అడుగున రాయిని తాకినా, చేప మెల్లగా నోట పెట్టుకున్నా చేతికి వెంటనే తెలుస్తుంది. ఈ మధ్య క్రాంక్‌బైట్‌ల (చుట్టేటప్పుడు కొట్టుకుంటూ నీటిలోకి దిగే, చేప ఆకారపు గట్టి ఎరలు) మీద ఆసక్తి పెరిగి, 2 మీటర్ల నుంచి 5 మీటర్ల లోతు వరకు దిగే రకాలు కొన్ని సమకూర్చుకున్నాను. వాటి బరువు 10 గ్రాముల నుంచి 21 గ్రాముల దాకా ఉంది. వాటిని కూడా అదే రాడ్‌తో, 7.3:1 గేర్ నిష్పత్తి గల రీల్‌తో, 30 పౌండ్ల భారం తట్టుకునే అల్లిక దారం చివర ఒక బారెడు ఫ్లోరోకార్బన్ (ఒంటిపోగు దారం) ముడివేసి విసురుతున్నాను.

ఎరను చేపలు బాగానే పట్టుకుంటున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పడవ పక్కదాకా వచ్చి, చేతివల అందే దూరంలో ముల్లు వదిలించుకుని వెళ్లిపోతున్నాయి. ముళ్ల పదును విషయంలో నాకు అనుమానం లేదు. గోటి మీద ఆనించి చూస్తే జారకుండా పట్టుకుంటున్నాయి. దీనితో పాటు, లోతుకు దిగే పెద్ద ఎరను కాసేపు వరుసగా చుట్టేసరికి మణికట్టు, మోచేయి బాగా నొప్పి పెడుతున్నాయి.

క్రాంక్‌బైట్‌లకు ప్రత్యేకంగా ఒక రాడ్ తీసుకోవాలని అనుకుంటున్నాను. ఫైబర్‌గ్లాస్ రాడ్ తప్పనిసరి అని కొందరు, అది బరువే తప్ప లాభం లేదని మరికొందరు అంటున్నారు. ఏ పొడవు, ఏ పవర్, ఏ యాక్షన్ చూసుకోవాలో, ఎందుకు చూసుకోవాలో కారణంతో సహా చెప్పగలరా? పేరున్న మోడళ్ల జాబితా కంటే నాకు ఆ కారణమే ముఖ్యం.

నిలకడనీరు:

నీటిచాలు గారూ, మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ మూలం ఒకటి కాదు కనుక వాటిని విడివిడిగా చూడడం మేలు. చేపలు పడవ దగ్గర విడిపోవడానికి ప్రధాన కారణం మీ రాడ్ వంగే తీరు. చేతినొప్పికి రాడ్ కంటే రీల్ ఎక్కువ కారణం అనిపిస్తోంది. నేను రాడ్ వరకే మాట్లాడతాను.

జిగ్‌కు ఉండేది ఒకే పెద్ద ముల్లు. దాని తీగ లావుగా ఉంటుంది. గట్టి దవడలోకి మొన దాటి గాటు దాకా దిగితే తప్ప చేప నిలవదు. అందుకే ఒక్క ఊపులో బలమంతా ముల్లుకు చేరేలా, కొన మాత్రమే వంగి కింది భాగం బిగువుగా నిలిచే రాడ్ అక్కడ సరిపోతుంది. క్రాంక్‌బైట్‌కు సాధారణంగా రెండు ట్రెబుల్ హుక్‌లు, అంటే ఆరు సన్నని ముళ్లు ఉంటాయి. సన్నని తీగ కొద్దిపాటి బలంతోనే దిగుతుంది. పైగా ఎర కదులుతుండగానే చేప దాన్ని పట్టుకుంటుంది కనుక చాలాసార్లు మనం ఊపకముందే ముల్లు గుచ్చుకుని ఉంటుంది. అయితే అది లోతుగా దిగి ఉండదు. పెదవి అంచునో, బుగ్గలోని పలుచని పొరనో ఒకటి రెండు ముళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ స్థితిలో చేప తల విదిలిస్తే, నోటి బయట వేలాడుతున్న ఎర బరువే ముల్లును పెకలించడానికి పూనుకుంటుంది. రాడ్ బిరుసుగా ఉంటే దారం ఒక క్షణం వదులై మరుక్షణం ఒక్కసారిగా బిగుస్తుంది. ఆ కుదుపుకు ముల్లు చుట్టూ ఉన్న రంధ్రం వెడల్పవుతుంది, ఆ తరువాత వచ్చే వదులులో ముల్లు జారిపోతుంది. సగం పొడవు దాకా వంగే రాడ్ అయితే చేప ముందుకు వచ్చినా వెనక్కి లాగినా వంపు తగ్గుతూ పెరుగుతూ దారాన్ని ఇంచుమించు ఒకే బిగువులో ఉంచుతుంది.

ఇదంతా పడవ దగ్గరే ఎందుకు జరుగుతోందన్నది అసలు ప్రశ్న. నైలాన్ దారం 30 మీటర్లు బయట ఉన్నప్పుడు 5 శాతం సాగిందనుకుంటే మీటరున్నర వెసులుబాటు దొరుకుతుంది. అదే దారం 2 మీటర్లే మిగిలినప్పుడు దొరికేది 10 సెంటీమీటర్లు. మీ అల్లిక దారం దూరంగా ఉన్నప్పుడు కూడా అంత సాగదు. కాని దూరంలో నీటి ఒరిపిడి, దారంలోని కుంగు కొంత మెత్తదనాన్ని ఇస్తాయి. చేప పడవ నీడను చూసి బెదిరి చివరిసారి కిందికి దూకే వేళకు ఆ కుదుపును భరించడానికి రాడ్ వంపు, రీల్ డ్రాగ్ (చేప లాగితే దారం జారేలా చేసే బిగింపు) తప్ప మరేమీ మిగలవు. మీ రాడ్‌లో కొన ఒక్కటే వంగుతుంది, ఆ కొద్ది వంపు అప్పటికే చేప బరువుకు ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే క్రాంక్‌బైట్‌లకు మోడరేట్ యాక్షన్, అంటే మధ్య దాకా వంగే తీరు, కావాలని నా దృఢమైన అభిప్రాయం.

ఇక పవర్. చాలామంది ఇక్కడ తప్పుదారి పడతారు. రాడ్ మీద అచ్చువేసి ఉండే ఎర బరువు పరిమితి ప్రధానంగా విసరడానికి సంబంధించినది. చుట్టేటప్పుడు రాడ్ మీద పడే భారం ఎర బరువును బట్టి రాదు. ఎర ముందున్న పలక నీటిని ఎంత తోస్తుందో, మనం ఎంత వేగంగా చుడుతున్నామో వాటిని బట్టి వస్తుంది. పెద్ద పలక గల 20 గ్రాముల లోతు ఎర, పలక లేని 28 గ్రాముల ఎర కంటే ఎంతో బలంగా లాగుతుంది. ఆ లాగుడుకే రాడ్ సగం వంగిపోతే, చేప పట్టిన తరువాత వంగడానికి మిగిలే భాగం ఉండదు. ముల్లు దించడానికి బలమూ ఉండదు. కాబట్టి ఎర లోతు పెరిగే కొద్దీ యాక్షన్‌ను మోడరేట్‌గానే ఉంచి పవర్‌ను పెంచుకుంటూ పోవాలి. 2 నుంచి 3 మీటర్లకు దిగే ఎరలకు మీడియం పవర్ చాలు. 4, 5 మీటర్లకు దిగేవాటికి మీడియం హెవీ కావాలి. అంతకు మించి లోతుకు వెళ్లే 28 గ్రాముల పైబడిన ఎరలకు హెవీ రాడ్ వాడేవారు కూడా ఉన్నారు, వారు చేస్తున్నది సరైన పనే.

పొడవు గురించి ఆలోచించే ముందు ఎర నీటిలో నడిచే దారిని మనసులో గీసుకోండి. నీటిలో పడిన చోటి నుంచి అది ఏటవాలుగా దిగుతుంది, కొంత దూరం వచ్చాకే తన గరిష్ఠ లోతును అందుకుంటుంది, పడవ దగ్గర పడుతుండగా దారం కోణం మారి మళ్లీ పైకి లేస్తుంది. దిగడానికీ లేవడానికీ పట్టే దూరం దాదాపు మారదు. అంటే మీరు అదనంగా విసిరిన ప్రతి మీటరూ నేరుగా అడుగున నడిచే భాగానికే కలుస్తుంది. పొట్టి రాడ్‌తో విసిరిన 20 మీటర్లలో 5 మీటర్ల లోతు ఎర సరైన చోట ఉండేది కొద్దిసేపే. అందుచేత లోతు ఎరలకు 7 అడుగుల 4 అంగుళాల నుంచి 7 అడుగుల 10 అంగుళాల వరకు ఉన్న రాడ్ ఎంచుకోవాలి. పొడవైన రాడ్‌కు మరో లాభం ఉంది: దూరాన చేప పట్టినప్పుడు పక్కకు ఒక్కసారి తీస్తే ఎక్కువ దారం కదులుతుంది. ఈ ఎరలతో రాడ్‌ను పైకి ఎగరేసి కొట్టకూడదు. చుట్టడం ఆపకుండా రాడ్‌ను పక్కకు నిలకడగా లాగితే చాలు.

మెల్లగాచుట్టు:

నిలకడనీరు గారు రాడ్ గురించి చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కొత్త రాడ్ కొనకముందు దారం మార్చి చూడమని నా సలహా. మీ దగ్గరున్న అమరికలో రాడ్ బిరుసుది, దారం సాగనిది. రెండింటిలో సులువుగా మార్చగలిగినది దారం. 10 లేదా 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ వేస్తే చేపలు విడిపోవడం పూర్తిగా ఆగదు గాని, గుర్తించదగినంత తగ్గుతుంది. ఫ్లోరోకార్బన్ అసలు సాగదన్న మాట తరచూ వినిపిస్తుంది, అది నిజం కాదు. భారం పడితే అది కూడా సాగుతుంది. అల్లిక దారంతో పోలిస్తే ఆ తేడా చేతికే తెలుస్తుంది.

లోతు తగ్గుతుందేమోనని మీకు సందేహం రావచ్చు. అల్లిక దారం పాలిథిలీన్ పోగులతో చేసినది కనుక నీటిది 1 అనుకుంటే దాని సాంద్రత 0.97, అంటే నీటిలో తేలుతుంది. నైలాన్ సాంద్రత సుమారు 1.14, ఫ్లోరోకార్బన్‌ది 1.78. అయితే ఎర లోతును నిర్ణయించడంలో దారం సాంద్రత కంటే దాని మందం పెద్ద పాత్ర వహిస్తుంది, ఎందుకంటే మందమైన దారాన్ని నీరు ఎక్కువగా నిలువరిస్తుంది. 30 పౌండ్ల అల్లిక దారం మందం సుమారుగా 8 పౌండ్ల నైలాన్ దారానికి సమానం. 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దానికంటే కొంచెమే లావు, పైగా మునుగుతుంది. కనుక మీ ఎరలు దిగే లోతులో పట్టించుకోదగిన తేడా రాదు. అదే 17 లేదా 20 పౌండ్ల దారానికి వెళితే ఎర తన లోతుకు చేరదు, ఎర మీద నింద పడుతుంది. రాపాలా సంస్థ డీటీ వరుసలో డీటీ-6, డీటీ-10, డీటీ-16 అని పేరులోనే అడుగుల లోతును పెట్టింది; అలాంటి అంకెలన్నీ సన్నని దారంతో, దూరంగా విసిరినప్పటి మాట.

చేతినొప్పి విషయానికి వస్తే, 7.3:1 రీల్ మీద లోతు ఎరను చుట్టడం శరీరానికి శిక్ష. రీల్ పిడి ఒక్కసారి తిప్పితే స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) 7.3 సార్లు తిరుగుతుంది; అంత దారాన్ని ఒక్క తిప్పులో లాగడానికి కావలసిన బలం మీ మణికట్టు నుంచే రావాలి. స్పూల్, పిడి పొడవు మారకుండా 5.3:1 రీల్ అయితే అదే ఎరకు పిడి మీద పడే భారం నాలుగో వంతుకు మించి తగ్గుతుంది. తిప్పే వేగం అంతే ఉంచితే ఎర నెమ్మదిస్తుంది కనుక నీటి నిరోధం కూడా తగ్గి పని మరింత తేలికవుతుంది. చాలామంది వేగాన్ని చేతితో అదుపు చేస్తామంటారు. వేగమైన రీల్ మీద మెల్లగా తిప్పడం మొదట సాధ్యమే, అలసట వచ్చాక చేయి తన పాత లయలోకి జారిపోతుంది. నన్నడిగితే లోతు క్రాంక్‌బైట్‌లకు 5 నుంచి 5.5 మధ్య, తక్కువ లోతు వాటికి 6.3 దగ్గర ఉన్న రీల్ వాడాలి.

ఒక చిన్న విషయం కూడా. చేప పడవ దగ్గరకు వచ్చినప్పుడు డ్రాగ్‌ను కొద్దిగా వదులు చేయండి. జిగ్ పట్టేవారికి డ్రాగ్ బిగించి ఉంచే అలవాటు ఉంటుంది. ఆ బిగింపును ట్రెబుల్ హుక్‌లు తట్టుకోలేవు.

పోగుబలం:

ఫైబర్‌గ్లాస్‌నా గ్రాఫైట్‌నా అన్న వాదానికి పదార్థాల లెక్క చూస్తే చాలావరకు సమాధానం దొరుకుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో సాధారణ రకమైన ఈ-గ్లాస్ పోగు బిరుసుదనం సుమారు 72 గిగాపాస్కల్‌లు, మేలురకం ఎస్-గ్లాస్‌ది సుమారు 86. రాడ్‌లలో వాడే సాధారణ శ్రేణి కార్బన్ పోగుది సుమారు 230. సాంద్రతలో చూస్తే గాజు పోగు సుమారు 2.5, కార్బన్ సుమారు 1.8. అంటే ఒకే బిగువు గల రాడ్ చేయాలంటే గాజు ఎక్కువ కావాలి, ఆ గాజు కూడా బరువైనది. ఫలితంగా గాజు రాడ్ కొన బరువెక్కుతుంది, వంగిన తరువాత నిటారు కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. మరోవైపు గాజు పోగు తెగేముందు 4 శాతానికి పైగా సాగగలదు. సాధారణ కార్బన్ 2 శాతం లోపే ఆగిపోతుంది. పడవ అంచుకు తగిలినా, బాగా వంచినా గాజు రాడ్ ఓర్చుకోవడానికి కారణం అదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. రాడ్ ఎక్కడ వంగాలన్నది పదార్థం ఒక్కటే నిర్ణయించదు. గొట్టం కింది నుంచి కొన దాకా ఎంత త్వరగా సన్నబడుతుంది, ఏ భాగంలో ఎన్ని పొరలు చుట్టారు అన్నవే యాక్షన్‌ను ఎక్కువగా నిర్ణయిస్తాయి. పూర్తి గ్రాఫైట్‌తో కూడా చక్కని మోడరేట్ రాడ్ చేయవచ్చు, చేస్తున్నారు కూడా. ఫైబర్‌గ్లాస్ రాడ్‌లు రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాల్లో వెదురును పక్కకు నెట్టాయి. 1973లో ఫెన్విక్ సంస్థ గ్రాఫైట్ రాడ్‌ను తెచ్చాక గాజు కూడా చాలా రంగాల్లో వెనకబడింది. క్రాంక్‌బైట్ వాడేవారిలో మాత్రం దాని మీద మోజు పోలేదు. నిదానంగా స్పందించే గుణం మిగతా చోట్ల లోపంగా కనిపించినా ఇక్కడ మేలు చేస్తుంది. చేప ఎరను వెనక నుంచి లోపలికి పీల్చుకునే క్షణంలో మనిషి ఉలికిపడి రాడ్ లాగినా, గాజు ఆ తొందరను కొంత మింగేస్తుంది. చేప నోటికి దీనివల్ల అదనపు సమయం దొరుకుతుందన్న వాదన ఎంతవరకు నిజమో తేల్చడం కష్టం. మనిషి తొందరను తగ్గిస్తుందన్నది మాత్రం నేను పూర్తిగా నమ్ముతాను.

స్పర్శ తెలియదన్న భయం గురించి కూడా రెండు మాటలు. జిగ్‌లో చేప కాటు ఒక చిన్న తట్టులా వస్తుంది కనుక రాడ్ దాన్ని చేతికి చేరవేయాలి. క్రాంక్‌బైట్ నిరంతరం కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ అదురు గాజు రాడ్‌లో కూడా స్పష్టంగా వస్తుంది. మీరు గమనించవలసింది అదురులోని మార్పును. పలకకు ఆకు చుట్టుకుంటే అదురు మందగిస్తుంది, రాయిని తాకితే గట్టిగా తడబడుతుంది, చేప ముందుకు వస్తూ పట్టుకుంటే ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని పసిగట్టడానికి ఖరీదైన గ్రాఫైట్ అవసరం లేదు.

ఇంతా చెప్పి నా ఎంపిక ఏమిటంటే, ఏడున్నర అడుగులు దాటిన రాడ్‌ను పూర్తి ఈ-గ్లాస్‌తో తీసుకోవద్దు. ఆ పొడవులో కొన బరువు ముంజేతిని లాగేస్తుంది, మీకు ఇప్పటికే మోచేయి నొప్పి ఉంది. గాజు, కార్బన్ కలిపి చేసిన కాంపోజిట్ రాడ్ గాని, మోడరేట్‌గా వంగే గ్రాఫైట్ రాడ్ గాని చూడండి. పూర్తి గాజు రాడ్ అందం 7 అడుగుల లోపే కనబడుతుంది.

నీటిచాలు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఎర బరువుకూ ఎర లాగుడుకూ ఉన్న తేడా నాకు కొత్తగా అర్థమైంది. ఇన్నాళ్లూ రాడ్ మీది అంకెలనే చూశాను. దారం వెంటనే మారుస్తాను, రీల్ కూడా మార్చక తప్పదని తెలిసింది. ఇంకొక సందేహం మిగిలింది. నా దగ్గర చతురస్రపు పలక గల పొట్టి ఎరలు కొన్ని, పలకే లేని లిప్‌లెస్ రకాలు కొన్ని ఉన్నాయి. మొదటివాటిని మునిగిన చెట్ల మోడుల మధ్య, రెండవవాటిని నాచు మీద వాడాలని ఉంది. లోతు ఎరలకు తీసుకునే రాడ్ వీటికి కూడా సరిపోతుందా, లేక ప్రతి రకానికీ వేరే రాడ్ కావాలా?

మోడుచాటు:

నీటిచాలు గారూ, మోడుల మధ్య చతురస్రపు పలక ఎరలు విసరడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, కాబట్టి ఆ భాగానికి నేను జవాబిస్తాను. అక్కడ దూరం అక్కరలేదు. 10 లేదా 12 మీటర్లలో ఉన్న మోడుకు అరచేయి వెడల్పు దూరంలో ఎర పడాలి, పడిన వెంటనే కొయ్యను గుద్దుకోవాలి. ఏడున్నర అడుగుల రాడ్‌తో కూర్చునిగాని, కొమ్మల కింద నుంచిగాని అంత సూటిగా విసరడం కష్టం. ఆరున్నర నుంచి 7 అడుగుల మధ్య, మీడియం పవర్, మోడరేట్ రాడ్ తీసుకోండి. పోగుబలం గారు చెప్పిన పూర్తి గాజు రాడ్ ఇక్కడే తన విలువ చూపిస్తుంది. రాడ్ విసురులో బాగా వంగుతుంది కనుక చిన్న మణికట్టు కదలికతోనే ఎర తక్కువ ఎత్తులో సాఫీగా వెళుతుంది. కొయ్యను తాకిన ఎర పక్కకు తుళ్లుతున్నప్పుడు బిరుసు రాడ్ దాన్ని ఇంకా ముందుకు లాగి ముళ్లను కొయ్యలో దించుతుంది. మెత్తని రాడ్ ఆ తుళ్లింపును పూర్తి కానిస్తుంది. వెడల్పాటి పలక కొయ్య మీదుగా ఎరను పొర్లించి ముళ్లను తప్పించడానికే ఉంది, దాని పని దాన్ని చేయనివ్వాలి. దారం మాత్రం ఇక్కడ 15 పౌండ్లకు తగ్గకూడదు, ఎందుకంటే లోతు కంటే ఒరిపిడికి తట్టుకోవడం ముఖ్యం.

లిప్‌లెస్ రకాలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. నాచులో చిక్కిన ఎరను ఒక్క కుదుపుతో విడిపించాలి. చేప చాలాసార్లు ఆ విడిపోయిన క్షణంలోనే పట్టుకుంటుంది. మెత్తని గాజు రాడ్ ఆ కుదుపును మింగేస్తుంది, ఎర నాచుతోనే వస్తుంది. కాబట్టి వీటికి మోడరేట్ ఫాస్ట్ గ్రాఫైట్ సరైనది. ప్రస్తుతానికి మీ పాత రాడ్‌నే ఫ్లోరోకార్బన్ దారంతో వాడుకోవచ్చు. కొన్ని చేపలు విడిపోవడం తప్పదు, ఎందుకంటే ఆ ఎర బరువంతా చిన్న ముద్దలో ఉంటుంది, చేప గాలిలోకి ఎగిరి తల విదిలిస్తే అది సులువుగా ఊడివస్తుంది. చేప పైకి లేస్తున్నట్టు దారం సూచించగానే రాడ్ కొనను నీటి దగ్గరకు దించి చుట్టండి.

ఒక్క రాడ్ మాత్రమే కొనగలిగితే ముందు లోతు ఎరల రాడ్ కొనండి. పొట్టి ఎరలను పాత రాడ్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు. 5 మీటర్ల ఎరను దానితో లాగడం అలా కాదు.

నిలకడనీరు:

మోడుచాటు గారి క్రమమే నాదీను. మెల్లగాచుట్టు గారు చెప్పినట్టు దారం ముందుగా మార్చడంలో తప్పు లేదు. అయితే 2 మీటర్ల దూరంలో ఏ దారమైనా ఇచ్చే సాయం ఎంత తక్కువో పైన లెక్క చూశాం. పడవ పక్కన పోయే చేపలను ఆపేది చివరికి రాడ్ వంపు, డ్రాగ్ అమరికే. అందుచేత దారం మార్చాక కొద్దిగా మెరుగుపడిందని రాడ్ ఆలోచనను పక్కన పెట్టవద్దు.

కొనేటప్పుడు పరిశీలించవలసినవి కొన్ని చెబుతాను. పవర్, యాక్షన్ అన్న మాటలకు తయారీదారులందరూ పాటించే ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఒకరి మోడరేట్ మరొకరి దగ్గర మోడరేట్ ఫాస్ట్ అయి ఉంటుంది. కాబట్టి అచ్చును నమ్మకుండా కంటితో చూడాలి. రీల్ బిగించి, గైడ్ రింగులన్నిటి గుండా దారం వేసి, చివరను ఎవరినైనా పట్టుకోమని చెప్పి రాడ్‌ను నిదానంగా లేపండి. వంపు కొన దగ్గర మొదలై భారం పెరిగే కొద్దీ సజావుగా మధ్య దాకా దిగాలి. ఎక్కడైనా మోకాలు మడిచినట్టు ఒక్కచోట విరుపు కనిపిస్తే ఆ రాడ్ వదిలేయండి. అదే సమయంలో రింగుల మధ్య దారం గొట్టాన్ని రాసుకుంటోందా అని చూడండి. కాస్టింగ్ రాడ్‌లో దారం పైభాగాన ఉంటుంది కనుక, బాగా వంగే రాడ్‌కు రింగులు చాలకపోతే దారం గొట్టానికి ఒరుసుకుంటుంది, ఒక్కోసారి పక్కకు జారుతుంది.

రాడ్ పిడి పొడవు చాలామంది చూడరు. రీల్‌ను పట్టుకున్నప్పుడు వెనక పిడి మోచేతి దాకా రావాలి, ముంజేతి కింద ఆనించుకుని చుట్టేలా ఉండాలి. అప్పుడు ఎర లాగుడు మణికట్టు ఒక్కదాని మీదే కాక ముంజేయంతటి మీదా పడుతుంది. మీ నొప్పికి రీల్ మార్పు తరువాత అంత ఉపయోగపడేది ఇదే. రాడ్‌కు రీల్ తగిలించి, రీల్ ముందు ఒక వేలి మీద నిలబెట్టి కొన ఎటు వాలుతుందో చూడండి. మరీ వేగంగా కిందికి పడిపోయే రాడ్‌తో గంటల తరబడి పని చేయడం కష్టం.

మీ ఎరలకు నేను ఎంచేది 7 అడుగుల 6 అంగుళాల కాంపోజిట్ రాడ్, మీడియం హెవీ పవర్, మోడరేట్ యాక్షన్, 10 నుంచి 28 గ్రాముల పరిమితి గలది. దానికి 5.3 లేదా దాని దగ్గరి నిష్పత్తి గల రీల్, 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్. రాడ్ చేతికి వచ్చాక ముందుగా మీ దగ్గరున్న అన్నిటికంటే లోతుకు దిగే ఎరను కట్టి, మీకు అలవాటైన వేగంతో చుట్టండి. పై నాలుగో వంతు వరకే వంగి అక్కడ నిలకడగా ఆగితే ఆ ఎరకు ఈ పవర్ సరిపోయింది. మధ్య దాకా వంగిపోతే ఆ ఒక్క ఎరకు ఇంకొక మెట్టు పైనున్న రాడ్ కావాలి, మిగతావాటికి ఇదే చాలు.